చేతులు ఒళ్లో పెట్టుకొని చదవాలి

మా ఇంటామె పోయి నెల దాటింది. నంద్యాల ఆసుపత్రిలో, ఆపరేషన్ అయిన మూడో రోజు ఉదయం. ఆమె దగ్గర చదువుకొని దూరాన ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆళ్లగడ్డ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ఆసుపత్రిలో చేరేదాకా ఆమే చూసేది. నేను అక్కడే కామర్స్ చెప్పేవాణ్ణి. నంద్యాల నుంచి ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ల్యాబు మొత్తానికి ఒకటే లినక్స్ సర్వరు. సీనియర్ల ప్రోగ్రాములు, వాటిని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ పాతదైతేనే నడుస్తాయి. జూనియర్లకు కొత్తది కావాలి. ఆమె రెండు వెర్షన్లనూ వేర్వేరు ఫోల్డర్లలో ఉంచేది. ఎవరికి ఏది కావాలో చూసి సర్వరును అటు తిప్పేది.

ఒకసారి డిస్కు నిండిపోయింది. ఆమె ప్రిన్సిపాల్ గదిలో ఉంది. చోటు ఖాళీ చేసి సాయపడదామని, పాత కంపైలర్ తీసేయమని కమాండ్ ఇచ్చాను. దాంతోపాటు ఇంకేమేం పోతాయో తెర మీద పెద్ద లిస్టు వచ్చింది. కింద, అవునా కాదా అని ప్రశ్న. అవునని వై కొట్టాను. లిస్టులో ఉన్నవన్నీ పోయాయి. మర్నాడే సీనియర్లకు ప్రాక్టికల్ పరీక్ష.

ఆమె వచ్చి తెర చూసింది.

"ఏందప్పా, లిస్టు చదవలేదా?"

"పాతదే కదా అనుకున్నా."

"పాతదాన్ని పట్టుకొని ఎవురెవురు బతుకుతాండారో చూడొద్దా? కామర్సాయన చేతికి కీబోర్డు ఇచ్చింది నాదే తప్పు."

నవ్వి, పోయినవాటి సీడీలు వెతకసాగింది. సాయంత్రం దాకా ఒక్కొక్కటే తిరిగి పెట్టింది. నేను పక్కన కూర్చొని సీడీలు అందించాను.

అప్పటినుంచి ల్యాబులో ఒక పద్ధతి. లిస్టు వస్తే చేతులు ఒళ్లోకి పోవాలి. చివరి లైను దాకా చదివాకే పైకి రావాలి. అంత భయమెందుకు మేడం అని ఒకడు అడిగితే, "భయపడ్డోడే చదువుతాడప్పా" అంది.

ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రివాళ్లు సంతకం పెట్టమని నా చేతికి ఒప్పుకోలు కాగితం ఇచ్చారు. పెన్ను తీశాను.

"చేతులు ఒళ్లో పెట్టుకో. చదువు."

పైకి చదివాను. జరగొచ్చు అని రాసినవాటిలో ఐదోదాన్ని రెండుసార్లు చదివాను.

"చదివినావు కదా. ఇంక పెట్టు," అంది.

పెట్టాను. ఆ ఐదోదే జరిగింది. సీడీలోంచి తిరిగి పెట్టుకునేది కాదు. సంతకం చేసిన చేయి చూసుకుంటే ఇప్పటికీ భయం.

పోయిన వారం, ఆమె ల్యాబు నోటుబుక్కు తెమ్మని కాలేజీ నుంచి పిలిచారు. ల్యాబుకు వచ్చిన కొత్తాయన పాత కంపైలర్ తీసి, ఇంకా కొత్త వెర్షన్ పెట్టాలంటాడు. ఆమె నోటుబుక్కు తీసుకొని వెళ్లాను. ఆయన కమాండ్ ఇచ్చాడు. లిస్టు వచ్చింది. నాకు చెమట పట్టింది.

"వై కొట్టమంటారా సార్?"

"ఉండప్పా. చదువుతాండా."

ఏడో లైనులో, సీనియర్ల పరీక్షకు కావలసింది ఉంది.

"కాదని ఎన్ కొట్టు. పాతది ఉండనీ. కొత్తది పక్కన ఎట్ల పెట్టాలో ఈ నోటుబుక్కులో ఆమె రాసింది."

ల్యాబులో చప్పుడు లేదని వెనక్కి తిరిగాను. పిల్లలంతా మా తెర వైపే చూస్తున్నారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అందరి చేతులూ ఒళ్లో ఉన్నాయి.