ఎడమ డొక్కలో పిడికిలి

మా పశువుల కాంపౌండరు గారు పోయారు. పోయిన మంగళవారం పాల కేంద్రం వాట్సాప్ గ్రూపులో ఆయన ఫోటో పెట్టి, కింద రెండు ముక్కలు రాశారు. ఫోను మా అత్తకి చూపించాను. ఆవిడకి చదువు రాదు. ఫోటోకి వేసిన దండ చూసి అర్థం చేసుకుని, చేతిలో పాల చెంబుతోనే గట్టు మీద కూలబడిపోయింది.

కోటబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్లలో అందరూ ఆయన్ని డాక్టరు గారనే పిలిచేవాళ్లు. ఆయన ప్రతిసారీ ఓపిగ్గా దిద్దేవారు, డాక్టరు టెక్కలిలో ఉన్నారు, నేను కాంపౌండర్ని అని. పాత స్కూటరు, వెనక సీటుకి తాడుతో కట్టిన మందుల పెట్టె. ఆదివారం చర్చికి వెళ్లినా ప్రార్థన పూర్తిగా విన్నది తక్కువే. ఏదో ఒక ఆవు అప్పుడే ఈనేది. చివరికి పాస్టరు గారు విసిగిపోయి గుమ్మం పక్క కుర్చీ ఆయనకి ఖాయం చేసేశారట.

పశువు దగ్గరికి వచ్చీ రాగానే సూది తీసేవారు కాదు. దాని ఎడమ డొక్క గుంటలో పిడికిలి అదిమి, కళ్లు మూసుకుని నిలబడేవారు. లోపల పొట్ట సరిగా తిరుగుతుంటే ఆ పిడికిలిని పైకి నెడుతుంది. "సెయ్యి ఎత్తుతాదా నేదా సూడాల. అదే దాని మాట" అనేవారు. మా ఊళ్లో ఆడవాళ్లందరికీ ఆ విద్య ఆయన నేర్పిందే.

నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాది తుపాను పట్టింది. గడ్డికుప్ప కొట్టుకుపోయింది. అత్త ప్రాణంగా పెంచుకుంటున్న ఏడాది పెయ్య, కుళ్లిన గడ్డి పరకలతోనే రోజులు నెట్టుకొచ్చింది. దాని ఎముకలు చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. తుపాను సాయం కింద బియ్యం వచ్చిన రోజు, అత్త పొలానికి వెళ్లినప్పుడు, పెద్ద గిన్నెడు అన్నం వండి, నా వంతు కూడా అందులోనే కలిపి, గంజితో దాని ముందు పెట్టాను. అది ఆబగా తినేసింది. పుణ్యం చేసుకున్నానని మురిసిపోయాను. మర్నాటికి పొట్ట ఉబ్బి పడిపోయింది.

కాంపౌండరు గారు వచ్చి ఏం పెట్టారని అడిగారు. గడ్డే పెట్టామంది అత్త. అన్నం సంగతి నేను దాచేశాను. ఆయన పిడికిలి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. చెయ్యి లేవలేదు. మందు పోసినా సాయంత్రంలోపే అది కన్ను మూసింది.

పూడ్చే ముందు కోసి చూస్తానన్నారు. అత్త చూడలేక ఇంటికి వెళ్లిపోయింది. నీళ్ల బిందెతో నేనే ఉన్నాను. పొట్టలోంచి పుల్లటి వాసన, దాంతోపాటు మెతుకులు. ఆయన ఒక్కసారి నా వైపు చూసి, కాలితో మట్టి తోసి వాటిని కప్పేశారు. చేతులు కడుక్కుంటూ నెమ్మదిగా చెప్పారు.

"పస్తులుంటే పేగూ కార్జం కూడా సిక్కిపోతాయమ్మా. తక్కువ తిండికి తక్కువ పని సేసుకుని బతుకుతాయి. ఒక్కపాలి కుండెడు అన్నం పడితే పొట్టలో పులిసిపోతాది. ఆ పులుపు కార్జం మొయ్యలేదు. గుప్పెడు గుప్పెడే పెంచాల. తిన్నదాన్ని ముందు ఆ పేగూ కార్జమే తీసుకుంటాయి, అవి కోలుకున్నాకే ఒంటికి కండ. లోపల ముందు, పైన ఆఖర్న."

ఆ తర్వాత మా పాకలో నాలుగు పెయ్యలు ఎదిగాయి. మేత చాలని రోజులు వచ్చి పోయాక తవుడు గిద్దతోనే మొదలుపెట్టేదాన్ని. ఆయన వస్తే మజ్జిగ ఇచ్చేదాన్ని, దూడల సంగతి చెప్పేదాన్ని. ఆ మెతుకుల మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే తప్పు ఒప్పుకోవాలి కదా అని భయం. ఆ భయంతోనే ఒక్క దండం కూడా పెట్టలేకపోయాను. ఆయన చదవలేని రోజున ఇది రాస్తున్నందుకు సిగ్గుగా ఉంది.

ఆయన అంత్యక్రియలయ్యాక సమాధి దగ్గర్నుంచి వస్తూ దార్లో అత్తకి చెప్పేశాను, ఆ పెయ్యకి అన్నం పెట్టింది నేనేనని. అత్త నడక ఆపలేదు.

"ఎరుగుదును. ఆ రోజే సెప్పినాడు కాంపౌండరు బాబు. 'పిల్ల మొకం సూడు వదినా, దాని కూడు కూడా పెయ్యకే పెట్టేసినట్టున్నాది. ఇప్పుడేటీ అడక్కు. ముందు లోపల కోలుకోనీ' అన్నాడు. ఆ తరవాత అడగడానికి నాకు నోరు రానేదు."

ఇంటికొచ్చేసరికి, ఈమధ్యే పాలు మాన్పించిన పెయ్యదూడ కట్టుకొయ్య దగ్గర నిలబడి ఉంది. అత్త ఒంటి మీద నీళ్లయినా పోసుకోకుండా వెళ్లి దాని ఎడమ డొక్కలో పిడికిలి పెట్టింది. నన్ను పిలిచి నా పిడికిలి కూడా పక్కన పెట్టించింది. ఇద్దరం కళ్లు మూసుకుని నిలబడ్డాం. కాసేపటికి లోపల పొట్ట మెల్లగా తిరిగి, మా రెండు చేతుల్నీ పైకి లేపింది.