ఒక్కపొద్దా అని అడిగినందుకు

కరోనా రెండో విడత తగ్గిన ఏడాది చలికాలంలో నేను మేడ్చల్ బస్ డిపో దగ్గరున్న ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్‌లో సీనియర్ టెక్నీషియన్‌ని. పాప పుట్టి ఉద్యోగం మానేసేదాకా ఆరేళ్లు అక్కడే పనిచేశాను. రక్తం తీయడం, యంత్రంలో పెట్టడం, వచ్చిన అంకె నమ్మదగినదో కాదో చూడడం టెక్నీషియన్ పని. రిపోర్టు మీద సంతకం పాథాలజిస్టుది. మందుల గురించి రోగికి చెప్పే అధికారం మాకు లేదు.

అత్వెల్లి నుంచి బాల్‌రెడ్డి గారు మా దగ్గరకు వచ్చేవారు. అరవై దాటిన మనిషి. రెండేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు. ఒకప్పుడు సొంతంగా వ్యవసాయం చేశారు, తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి, ఆయన పగలంతా ఏసీ కారులో తిరిగేవారు. గుండె డాక్టరు కొలెస్ట్రాల్‌తో పాటు డి విటమిన్ పరీక్ష కూడా రాశారు. గుండె జబ్బు ఉన్నవాళ్లలో ఈ రెండూ ఒకేసారి తేడాగా కనబడడం మాకు కొత్త కాదు. ఆయనకు డి విటమిన్ పదకొండు వచ్చింది. ముప్పై ఉండాలన్నది మేం వాడే లెక్క.

ఆ రిపోర్టు చూసి నవ్వారు. "నలభై ఏండ్లు ఎండల పడి దున్నిన బిడ్డా. నాకు ఎండ తక్వైందా?"

పక్కనున్న ఆయన భార్య అండాలమ్మ గారు అందుకున్నారు. "అప్పటి ఎండ ఇప్పటిదాంక దాసి పెట్టుకున్నవా? ఇప్పుడు కారు అద్దం దించుతలేవు."

డాక్టరు వారానికొకటి చొప్పున డి విటమిన్ గోలీ రాశారు. కొలెస్ట్రాల్ గోలీ ఎప్పటిలాగే రోజూ వేసుకోవాలి. మూడు నెలలకు మళ్లీ పరీక్షకు వచ్చారు. అది శనివారం. కొలెస్ట్రాల్ పరీక్షకు పరగడుపున రావాలి. ‘ఫాస్టింగ్’ అంటే అందరికీ తెలియదని నేను ‘ఒక్కపొద్దు’ అనడం అలవాటు చేసుకున్నాను. ఒక్కపొద్దున్నారా బాపూ అని అడిగాను. "ఉన్న" అన్నారు. రిజిస్టర్‌లో ‘ఒక్కపొద్దు’ గడిలో టిక్కు పెట్టి రక్తం తీశాను.

రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన సీరం తేలుతుంది. అది లేత పసుపు రంగులో తేటగా ఉండాలి. ఆయనది పాలు కలిపినట్టు మసకగా ఉంది. తిండి తిన్నాక తీసిన రక్తం అలా ఉంటుంది. చూశాను కానీ, ఒక్కపొద్దున్నారు కదా, జబ్బే ముదిరిందేమో అనుకుని ముందుకు పంపాను. కొలెస్ట్రాల్ పరీక్షలోనే తేలే రక్తపు కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, నూటయాభై లోపు ఉండాల్సింది నాలుగు వందలు దాటాయి. డి విటమిన్ పదకొండు నుంచి పదిహేనుకే వచ్చింది.

ఆరు రోజుల తర్వాత ఆయన వచ్చి రిపోర్టును కౌంటర్ మీద పెట్టారు. డి పెరిగితే కొలెస్ట్రాల్ దానంతటదే దిగుతుందని ఆయనకు ఫోన్లో ఎవరో వీడియో పంపారట. "డి పెరగలే. కొలెస్ట్రాల్ దిగలే. ఇగ గోలీలన్నీ బంద్. ఆరు దినాలాయె, ఒక్కటి ఏస్కోలె." స్టెంట్ ఉన్న మనిషి కొలెస్ట్రాల్ గోలీ ఆపితే మళ్లీ గుండెపోటు రావచ్చని మాకు తెలుసు. ఆ గోలీ ఆపడానికి ఆయన చేతిలో ఉన్న ఆధారం మా కాగితమే.

శాంపిల్ మారిందేమోనని మా ఇన్‌ఛార్జ్ అనుమానం. మిగిలిన సీరం వారం దాకా ఫ్రిజ్‌లో ఉంచుతాం కాబట్టి లేబుల్ సరిచూసి మళ్లీ నడిపాను. అవే అంకెలు. యంత్రం తప్పు లేదు. అప్పుడు ఆ మసక సీరం గుర్తొచ్చి అండాలమ్మ గారికి ఫోన్ చేశాను. ఆ శనివారం పొద్దున ఆయన ఏం తీసుకున్నారని అడిగాను.

"ఒక్కపొద్దే ఉన్నడు బిడ్డా. పెద్ద గిలాస నిండ బర్రె పాలు తాగిండు, రెండు అరటిపండ్లు తిన్నడు. అన్నం ముట్టలే."

మా అమ్మ ఒక్కపొద్దుంటే సాయంత్రం దాకా మంచినీళ్లే. వాళ్లింట్లో పాలూ పండ్లూ చెల్లుతాయి. ఒకే మాటకు మా ఇద్దరిళ్లల్లో రెండు అర్థాలు. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను అడిగినదానికి సరిగ్గానే జవాబిచ్చారు.

ఆవిడే ఇంకో మాట చెప్పారు. "గా వారం గోలీ గూడ మరువకుంట శనివారమే ఏపిస్త. తెల్లారంగ తానం చేసి ఉత్త నీళ్లతోని ఏస్కుంటడు."

డి విటమిన్ కొవ్వులో కరిగేది. అన్నం తిన్నాక వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. వారంలో ఏడు రోజులుంటే వాళ్లు ప్రతి వారం ఉపవాసముండే శనివారాన్నే ఎంచుకున్నారు. ఇది నేను వాళ్లకు చెప్పే విషయం కాదు. నా పొరపాటుతో సహా కాగితం మీద రాసి ఇన్‌ఛార్జ్‌కి ఇచ్చాను. పాథాలజిస్టు గుండె డాక్టరుతో మాట్లాడారు. డాక్టరు ఆ సాయంత్రమే బాల్‌రెడ్డి గారికి ఫోన్ చేశారు. గోలీ పరగడుపున వేయడం ఒక కారణం కావచ్చు, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకొమ్మన్నారు. డి గోలీ కొలెస్ట్రాల్ గోలీకి బదులు కాదని, కొలెస్ట్రాల్ గోలీ ఒక్కరోజూ ఆపొద్దని గట్టిగా చెప్పారు.

మర్నాడు పొద్దున్నే స్కూటీ మీద అత్వెల్లి వెళ్లి మళ్లీ రక్తం తీశాను. తప్పు నాదేనని ముందే చెప్పాను. ఆయన చెయ్యి చాపుతూ, "మల్ల ఒక్కపొద్దా అని అడగవా?" అన్నారు. కాదు బాపూ, రాత్రి అన్నం తిన్నప్పటి నుంచి నోట్లో ఏమేం వేసుకున్నారో చెప్పండి అన్నాను. "మంచినీళ్లు. ఇగ ఆదివారం గోలీ నాటుకోడితోని ఏస్కుంట."

"తోలు తీసిన రెండు ముక్కలు," అని లోపలి నుంచి అండాలమ్మ గారు.

ఈసారి సీరం తేటగా వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు నూటతొంభై. కొలెస్ట్రాల్ గోలీ డాక్టరు ఫోన్ చేసిన రాత్రే మళ్లీ మొదలైందని ఆవిడ చెప్పారు. మూడు నెలల తర్వాత డి ముప్పై ఒకటి. చెడు కొలెస్ట్రాల్ డాక్టరు కోరిన హద్దులోకి వచ్చింది. అది రోజువారీ గోలీ పని, ఆదివారం గోలీది కాదు.

ఆ పొరపాటు జరిగిన నెలలోనే మా రిజిస్టర్‌లో ‘ఒక్కపొద్దు’ గడి కొట్టేయించాను. దాని స్థానంలో ‘చివరగా తిన్నది, తాగినది, ఎన్ని గంటలకు’ అని మూడు గడులు వచ్చాయి. ‘అవును’ అని జవాబొచ్చే ప్రశ్న పరీక్షకు పనికిరాదు.

ఇప్పుడు పాపకు డి విటమిన్ చుక్కలు వేస్తున్నాను. ‘ఒక ఎం.ఎల్.’ అని పిల్లల డాక్టరు అంటే, బ్యాగులోంచి సీసా డ్రాపర్ తీసి ఏ గీత దాకానో చూపించమంటాను. ఆయన విసుక్కుంటారు. గీత చూపించాకే లేస్తాను.