గంజి వదిలిన నూలు

ఎండిపోని తీగ కావాలి. హోట్గి రోడ్డు నర్సరీకి వెళ్ళి అదొక్కటే చెప్పాను. నర్సరీ ఆయన మరాఠీ మనిషైనా మా తెలుగు బాగానే మాట్లాడతాడు. ముందు కాగితం పూల మొక్క చూపించాడు. ముళ్ళు. మా వాకిలి రెండు చాపలు పరిచినంతే, అందులో ముళ్ళ చెట్టా? వద్దన్నాను. తర్వాత మనీప్లాంట్ తెచ్చాడు. మా పడమటి గోడ ఎండకు అది ఒక్క మధ్యాహ్నం కూడా ఆగదు.

"మావ్‌శీ, పువ్వు కావాల్నా, ఆకు కావాల్నా? ఒకటి చెప్పు" అని విసుక్కున్నాడు.

ఆకే అన్నాను. నలభై ఏళ్ళు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన చేతులివి. ఎండుటాకు చూసి చూసి కళ్ళు విసిగిపోయాయి. ఇక కిటికీలోంచి చూస్తే పచ్చాకు కనబడాలి, అదీ ఏడాదంతా.

అసలు ఈ కోరిక నాది కాదు, మా ఆయనది. అప్పట్లో అశోక్ చౌక్ దగ్గర రేకుల గదిలో ఉండేవాళ్ళం. సగం గది మగ్గానికే పోయేది. మధ్యాహ్నం అయిందంటే పడమటి గోడ పెనంలా కాలేది. "ఏడాదంతా పచ్చగుండే తీగ పెడ్తనే. గోడ సల్లబడ్తది, నువ్వు నిమ్మళంగ బీడీలు చుట్టుకో" అని ఎక్కడినుంచో రాధామనోహరం కొమ్మ తెచ్చి నాటాడు. అది పాకడానికి మగ్గం మీద మిగిలిన పడుగు నూలు గోడకు నిలువుగా కట్టాడు. ఇనుప తీగ కట్టమంటే వినలేదు. "ఇనుము ఎండకు కాల్తది, లేత కొస మాడిపోతది" అన్నాడు. ఎంత ముచ్చటగా కట్టాడని! గోడకు పడుగు వేసినట్టే ఉండేది.

పడుగు నూలుకు గంజి పెడతాం కదా, నేతలో తెగకుండా. రోజంతా ఆ వాసనలోనే బతికే మాకు అది తిండి వాసనన్న సంగతే తోచలేదు. గల్లీ మేకలకు తోచింది. నూలు నమిలి గుంజాయి, దాంతో పాటు తీగా ఊడొచ్చింది.

నా నోరు ఊరుకుంటుందా? ఇరుగుపొరుగు ముందే అనేశాను. "చీర నేసుడే వస్తది నీకు. తీగ కట్టుడు రాదు. ఇంకోసారి మొక్క గిక్క తెచ్చినవో, సూడు మల్ల!" అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. కానీ మళ్ళీ ఒక్క మొక్క కూడా తేలేదు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఈ ఇల్లు వచ్చాక, వాకిట్లో ఇంత మట్టి ఉండి కూడా, ఊడ్చి నీళ్ళు చల్లి లోపలికి వచ్చేసేవాడు. మర్చిపోయాడనుకున్నాను. మర్చిపోలేదు, నా మాటకు ఆగాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు తెలిసి ఏం లాభం?

చివరి పడుగు దించినప్పుడు కోసిన నూలు నా ట్రంకులో ఉంది. మూత తీస్తే పుల్లటి గంజి వాసన, ఆయన చొక్కా వాసన. ఉండబట్టనప్పుడు అందులో మొహం పెట్టుకుంటాను. సిగ్గేముంది, చెప్తున్నా.

చివరికి నర్సరీ ఆయన పడదా తీగ ఇచ్చాడు. పువ్వు పెద్దగా ఉండదు, ఆకు మాత్రం ఏడాదంతా తెరలా వేలాడుతుందట, రాళ్ళలో కూడా బతుకుతుందట. తెచ్చి నాటాను. పక్కింటామె చూసి, "నైలాన్ తాడు కట్టు వదినా, పీడ పోతది" అంది. మాట నిజమే. కానీ ఆయన కట్టాలనుకున్నది నూలు. నా దగ్గరున్నది ట్రంకులో నూలే, అది కట్టాలంటే మేకలు రాకుండా గంజి కడగాలి. కడిగితే ఆ వాసన పోతుంది. ఇక నా దగ్గర ఆయనది ఏముంటుంది?

మూడు రోజులు అటూ ఇటూ తిరిగాను. నాలుగో రోజు పొద్దున చూస్తే తీగ కొస పట్టు దొరక్క నేలమీద వాలిపోయి ఉంది. అప్పుడు ఆయన్ని ఆపింది నేనే, ఇప్పుడు ఇదీ నావల్లే ఎండాలా అనిపించింది.

బకెట్‌లో వేడినీళ్ళు పోసి నూలు ముంచాను. నీళ్ళు తెల్లగా అయ్యాయి. పిండి, మళ్ళీ ముంచి, మళ్ళీ పిండి వాసన చూశాను. ఉత్త తడి నూలు. అక్కడే కూలబడి ఏడ్చాను. ఆ నీళ్ళు మోరీలో పోయడానికి చెయ్యి రాలేదు. తీగ మొదట్లో పోశాను. తర్వాత ఆయన తెగిన పోగులు అతికేటప్పుడు వేసే ముడే వేస్తూ, పన్నెండు వరసలు కట్టాను.

మర్నాడు పొద్దున పక్కింటి మేక మా గేటు సందులోంచి మూతి పెట్టి తీగ మొదట్లోని మట్టిని వాసన చూస్తోంది. మామూలుగా అయితే చీపురు అందుకునేదాన్ని.

"నీకింకా వస్తున్నదా ఆయన వాసన?" అని అడిగాను.

అది కదలలేదు. నేనూ గేటుకు ఇవతల దాని పక్కనే కూర్చున్నాను. గేటు మాత్రం తీయలేదు.