సగం ముఖానికి ఆరు మార్కులు

మొన్న ఆదివారం మా రైలు ఫొటోల గుంపు పెద్దమనిషి యాప్రాల్ నుంచి ఫోన్ చేసి, ఈ ఏడు పోటీకి మళ్ళీ నన్నే మార్కులు వెయ్యమన్నాడు. ఎందుకు నేనే అని అడిగితే, "మీకు మొహమాటం ఉండదు కదండీ" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఫోన్ పెట్టేశాక, మొహమాటం లేనివాడినన్న పేరు నాకు ఎక్కడ వచ్చిందో, దానికి ఎవరు కారణమో గుర్తుకొచ్చింది.

మాది శామీర్‌పేట. చెరువు ఉంది, జింకల పార్కు ఉంది, రైలు మాత్రం లేదు. రైలు చూడాలంటే బండి వేసుకుని మేడ్చల్ దాకా పోవాలి. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. వంకర ప్లాట్లను త్రికోణాలుగా విడగొట్టి ఎన్ని గజాలో చెప్పడం నా వృత్తి. ఇన్నేళ్ళలో నేను వేసిన కూడికలో తప్పు పట్టినవాళ్ళు లేరు. రైళ్ళ పిచ్చి ఎలా పట్టిందో తెలియదు గాని, దానికీ కొలత కట్టాను. మంచి రైలు ఫొటో ఏదని ఎవరినడిగినా "చూడగానే బాగుండాలె" అంటారు. బాగుండటాన్ని టేపు పెట్టి కొలవలేం. అందుకని వందను ఐదు భాగాలు చేశాను. ఇంజను ముందుభాగం స్పష్టంగా ఉంటే ఇరవై ఐదు. దాని నంబరు చదవగలిగితే పదిహేను. చివరి పెట్టె దాకా రైలంతా కనబడితే ఇరవై. వెలుతురు సరైన వైపు నుంచి పడితే పదిహేను. అడ్డంగా ఏదీ లేకపోతే, అంటే ఇంజను నెత్తి మీద కరెంటు స్తంభం మొలిచినట్టు లేకపోతే, మరో ఇరవై ఐదు. నలభై ఐదు దాటిన ఫొటోలు అల్వాల్‌లో ఒక చర్చి వెనక ఉన్న హాలు గోడకు వారం రోజులు వేలాడతాయి. ఫొటో మీద పేరు ఉండదు, వరస నంబరే ఉంటుంది. మార్కుల చీటీ ఎవరిది వాళ్ళ చేతికివ్వాలి. ఈ నియమాలన్నీ నేను పెట్టినవే.

మా బావ, అంటే మా అక్క భర్త, మేడ్చల్ అవతల ఒక రైల్వే గేటు దగ్గర ఇరవై ఏడేళ్ళు గేట్‌మన్‌గా చేశాడు. రైలు వస్తోందని స్టేషన్ నుంచి ఫోన్లో చెప్పిన నంబరు రిజిస్టర్‌లో రాసుకోవడం, గేటు వెయ్యడం, పచ్చజెండా పట్టుకుని నిలబడటం. ఒక్క అంకె తప్పు రాసినా ఉద్యోగానికే ముప్పు. ఆయన తప్పు రాయలేదు. మనిషి నెమ్మది, నోరు మాత్రం చురుకు. పెళ్ళిళ్ళలో నన్ను కొత్తవాళ్ళకు చూపిస్తూ, "గీయన మా బామ్మర్ది, పది తప్పిన లెక్కల సారు" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఎన్నిసార్లు అన్నాడో లెక్క పెట్టుకున్నానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

రిటైరైన కొన్నాళ్ళకు, అక్కడ పట్టాల కింద నుంచి దారి వేసి గేటు ఎత్తేస్తారని తెలిసింది. బావ అక్కను వెంటబెట్టుకుని వెళ్ళి, బండ్లవాళ్ళతో పాటు గేటు బయట నిలబడి ఫోన్‌తో ఒక ఫొటో తీశాడు. డ్యూటీలో ఉన్నప్పుడు జెండా చేతిలో ఉండేది కనుక రైలును ఏనాడూ ఫొటో తియ్యలేదట. ఎందుకు బయట నుంచి తీశావని తరవాత ఎవరో అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: "ఇరవై ఏడేండ్లు లోపలికెల్లే సూసిన. నన్ను తిట్టుకుంట నిలబడెటోల్లకు గీ రైలు ఎట్ల కనవడ్తదో ఒక్కసారన్న సూడాలె గద."

ఆ ఏడు పోటీకి వచ్చిన ముప్పై రెండు ఫొటోల్లో పంతొమ్మిదోది అది. పేరు లేకపోయినా చూడగానే తెలిసింది. ఎప్పుడో లారీ గుద్దితే వంగిన గేటు కర్ర, దానికి కట్టిన ఎర్రగుడ్డ నాకు తెలియనివి కావు. కర్ర ఇంజను మీదుగా అడ్డంగా పోయింది. ముందు నిలబడ్డ బండ్ల అద్దాలు కూడా ఫొటోలో పడ్డాయి. ఎడమ మూలన రైలు వైపు తిరిగి నోరు కొంచెం తెరిచి చూస్తున్న మా అక్క ముఖం, అదీ సగమే. నిజాయితీగా వేస్తే తొమ్మిది, పదిహేను, ఆరు, పదమూడు, నాలుగు. మొత్తం నలభై ఏడు. గోడకెక్కుతుంది. చుట్టానికి వేశాడంటారేమో అనుకున్నాను. విడి మార్కులు అలాగే ఉంచి, మొత్తం దగ్గర నలభై ఒకటి అని రాశాను. ఆ పనికి నిష్పక్షపాతం అని పేరు పెట్టుకున్నాను.

ఫలితాల రోజు బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తనతో పనిచేసిన నలుగురు గేట్‌మన్లను వెంటబెట్టుకొచ్చాడు. అక్క కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆ నలుగురూ గోడ పొడుగునా ఫొటోలు చూసుకుంటూ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చారు. "ఏడున్నదన్నా నీ రైలు?" అని ఒకాయన గట్టిగానే అడిగాడు. బావ చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని వేళ్ళు ముడుస్తున్నాడు. తరవాత నా దగ్గరికి వచ్చాడు.

"బామ్మర్దీ, మల్లొక్కసారి కూడు. నాకు నలబై ఏడొస్తాంది. గా ఆరు ఏడ వాయె?"

కూడిక తప్పిందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఫొటో గోడకెక్కేది, ఆ నలుగురూ చూసేవాళ్ళు. కాని నా నోటితో నేనే కూడిక తప్పానని చెప్పాలి, అదీ ఆయన ముందు. నేను ఆ ఫొటోను కట్టలోంచి బయటికి తీసి అందరికీ కనబడేలా పట్టుకుని మూలన వేలు పెట్టాను. "ఇక్కడ ఎవరిదో సగం ముఖం పడ్డది బావా. రైలు ఫొటోల మనిషి ముఖమెందుకు? దానికి ఆరు కోసిన."

ముందు ఎవరో ఒకరు నవ్వారు, తరవాత హాలంతా నవ్వింది. ఆ ముఖం ఎవరిదో వాళ్ళకు తెలియదు. అక్క కొంగు తీసి చెంప మీదుగా లాక్కుంది. మొదటి బహుమతి ఇచ్చిన ఫొటోలో పెట్టె తలుపు దగ్గర నలుగురు మనుషులున్నారు, వాళ్ళకు నేనేమీ కొయ్యలేదు. బావ ఆ ఫొటో వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పదుండ్రి" అని ఆ నలుగురినీ తీసుకుని వెళ్ళిపోయాడు. అక్క వాళ్ళ వెనకే నడిచింది.

నాలుగు నెలలు ఆగి, నలభై ఏడు అని దిద్దిన కొత్త చీటీ జేబులో పెట్టుకుని మేడ్చల్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఎదురుగా గోడ మీద ఆ ఫొటో, ఫ్రేము కట్టించి ఉంది. ఎడమ మూల కత్తెరతో కోసేసి ఉంది. కోసిన చోట వెనకాల అట్ట పసుపుపచ్చగా కనబడుతోంది. బావ నన్ను కూర్చోమని పేపర్‌లో తల దూర్చాడు. అక్క చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది.

"నేనే కోసిన తమ్మీ," అంది. "గిప్పుడు నలబై ఏడు అయినయా? సూసి చెప్పు."

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే లెక్క అడుగుతున్నట్టు నిలబడింది. అయినయక్కా, అన్నాను. చీటీ జేబులోంచి తియ్యలేదు. బావ పేపర్ దించకుండానే, "సగానికి ఆరు. మొత్తం మొకం పడితె పన్నెండు కోస్తుండె. నయమే," అన్నాడు. చాయ్ చల్లారకముందే తాగేసి బయటపడ్డాను. ఆ తరవాత బావ ఏ ఫొటో తీసినట్టు వినలేదు. నన్ను పది తప్పిన లెక్కల సారు అనడం కూడా మానేశాడు. చుట్టాల ముందు ఇప్పుడు నన్ను 'గారు' అంటాడు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. గేటు పోయింది, ఇప్పుడు బండ్లు కింద నుంచి పోతాయి, రైలు కోసం ఎవరూ ఆగరు. యాప్రాల్ పెద్దమనిషికి వస్తాననే చెప్పాను. ఒక్కొక్క భాగానికి నేను వేస్తాను గాని మొత్తం మాత్రం వేరెవరితోనైనా కూడించాలని షరతు పెట్టాను. ఎందుకని అడిగాడు. కళ్ళు సరిగా ఆనడం లేదన్నాను. ఆ గేటు దగ్గర బండి ఆపుకుని చేతి గడియారం చూసుకుంటూ చాలాసార్లు లెక్కపెట్టాను, ఎంత పొడుగు రైలైనా దాటిపోవడానికి నలభై సెకన్లకు మించి పట్టేది కాదు. ఆ ఆరు మార్కులు నాలుగేళ్ళ నుంచి దాటుతున్నాయి, చివరి పెట్టె ఇంకా కనబడలేదు.