ఒళ్లో పడుకోబెట్టిన గిటారు

మా ఆయన తన ఎలక్ట్రిక్ గిటారును చర్చికి ఇచ్చేస్తానన్న సంగతి నాకు చెప్పలేదు. ఆరాధన అయ్యాక, మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ, క్వయర్ నడిపే టీచరమ్మకి చెప్పాడు. “వచ్చే ఆదివారం ఇంటికొచ్చి పట్టుకెళ్లండమ్మా, ఊరికే మూల పడుంది” అన్నాడు. పక్కనే ఉన్న నాకు వినపడుతుందని ఆయనకి తెలుసు. తార్నాకలో మా ఇంటికి ఆటో ఎక్కాం.

ఆయన లాలాగూడలో రైల్వే ఆఫీసులో గుమాస్తా. పెళ్లికి ముందునుంచీ చర్చిలో గిటారు ఆయనదే. వానాకాలంలో స్కూటరు జారి ఎడమ మణికట్టు దగ్గర లోతుగా తెగింది. కుట్లు మానాయి, నరం మానలేదు. మల్కాజ్‌గిరిలో ఫిజియోథెరపీకి వెళ్లినన్నాళ్లూ వెళ్లాడు. వేళ్లన్నీ కలిసి ముడుచుకుంటాయి, కలిసి తెరుచుకుంటాయి. విడిగా ఏ వేలికి చెప్పినా వినదు. గిటారుకి కావలసింది సరిగ్గా అదే, ఒక్కో వేలూ ఒక్కో తీగని అదమాలి. అప్పటినుంచి ఆయన చర్చిలో వెనక వరసలో, ఫ్యాను కింద, పాటల పుస్తకం కూడా తెరవకుండా కూర్చుంటున్నాడు. ఆ గిటారు గడప దాటితే ఈ మనిషి మళ్లీ వాయించడని నాకు ఖాయంగా తెలుసు. దాన్ని దాటనివ్వకూడదని ఆటోలోనే అనుకున్నాను.

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. మా ఇంట్లో ఇద్దరమూ మొండివాళ్లమే, రాజెవరూ లేరు. పైగా నా ఉద్యోగం కూడా మొండివాళ్లకి తగ్గదే. యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో మెకానిక్‌ని. ల్యాబుల్లో విరిగినవీ, అరిగినవీ, బజారులో దొరకనివీ నా బల్ల మీదికొస్తాయి. వాటికి బదులు ముక్క తయారుచేసి పంపుతాను.

దారి ఫోనులో దొరికింది. ఎవరో పెద్దాయన గిటారుని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమచేత్తో నున్నటి ఇనప కడ్డీ పట్టుకుని తీగల మీద జరుపుతున్నాడు. హవాయన్ గిటారు. అందులో వేళ్లు విడివిడిగా కదలక్కర్లేదు, అన్నీ కలిసి కడ్డీని పట్టుకుంటే చాలు. మా ఆయన కాఫీ గ్లాసు ఆ చేత్తోనే పట్టుకుంటాడు. ఇక నేను ఆగితే ఒట్టు.

అయితే మామూలు గిటారుని పడుకోబెట్టినంత మాత్రాన హవాయన్ అయిపోదు. మెడ చివర తీగలు దాటే చోట ఆరు గాట్లతో ఒక చిన్న పట్టీ ఉంటుంది. వాయించేవాళ్లు దాన్ని నట్ అంటారు. అది తీగల్ని మెడకి దాదాపు ఆనించి ఉంచుతుంది కాబట్టి, కడ్డీ జరిపితే మెడ మీద అడ్డంగా ఉండే ఇనప మెట్లకి కొట్టుకుంటుంది. నట్ ఎత్తుగా ఉంటే తీగలు పైకి లేస్తాయి. ఆయన గిటారు మెడేమో మామూలుకన్నా వెడల్పు. దానికి సరిపోయేది ఎక్కడ వెతికినా దొరకలేదు. అంటే నేనే చెయ్యాలి.

“గిటారు నట్ తీస్తున్నాను” అన్నాను సోమవారం పొద్దున్న, ఆయన ఆఫీసుకి బయల్దేరుతుంటే.

“ఇచ్చేసేదానికి రిపేరెందుకు?”

“ఇచ్చేదేదో బాగుచేసే ఇద్దాం. పాడు వస్తువు అంటగట్టామంటే పరువు ఎవరిది పోతుంది?”

ఆయన టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే పాత నట్‌కి చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా తట్టాను. ఊడొచ్చింది. రుమాల్లో చుట్టుకుని క్యాంపస్‌కి పట్టుకుపోయాను.

ఇన్‌ఛార్జి సారుని అడిగి, లంచ్ టైములో పని మొదలుపెట్టాను. తుక్కు పెట్టెలో ఇత్తడి ముక్క ఏరి మిల్లింగ్ మెషీన్ వైసులో బిగించాను. వెడల్పూ మందమూ పాతదానివే ఉంచి ఎత్తు పెంచాను. పాతదాని పైఅంచు వంపుగా ఉంది. కడ్డీ తిన్నటి వస్తువు కదా, అందుకని నేను చదునుగా తీశాను. నాతోపాటు పనిచేసే అన్న ఒకాయన మాణికేశ్వర్ నగర్ మనిషి, టీ గ్లాసుతో వచ్చి నా భుజం మీంచి తొంగిచూశాడు.

“ఏందక్కా, గింత ముక్కకు గంత పెద్ద మెషీనా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమేస్తున్నవ్.”

“మా ఆయన గిటారుకన్నా.”

“బావ మల్ల వాయిస్తడా?”

“వాయిస్తాడు.”

“ఆయన చెప్పిండా?”

“నేను చెబుతున్నా.”

“అయితే అయితది తియ్” అని నవ్వుకుంటూ పోయాడు.

గాట్లు మాత్రం మెషీన్‌తో అయ్యే పని కాదు. సన్నని ఆకురాయితో కొంచెం రుద్దడం, తీగని కూర్చోబెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. ఒక గాటు లోతెక్కువై మొదటి ముక్క చేతులారా పాడుచేసుకున్నాను. తిట్టుకుంటూ ఇంకో ముక్క బిగించాను. అది కుదిరింది. తర్వాత స్టీలు రాడ్డు తీసుకుని కడ్డీని లేతు మీద నున్నగా తీశాను. తీస్తుంటే ఆయన మణికట్టు మీది మచ్చ కళ్లముందు మెదిలింది. ఇంత బరువు ఆ చెయ్యి మోస్తుందా అనిపించి, కడ్డీ మధ్యలో ఈ చివర్నుంచి ఆ చివరకి డ్రిల్లు వేసి గుల్ల చేశాను. చేతిలోకి తీసుకుంటే ఈకలా ఉంది. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

గురువారం సాయంత్రం నట్ అతికించి, తీగలు బిగించి, గిటారుని ఆయన ఒళ్లో పెట్టాను. దానికే బోలెడు బతిమాలించుకున్నాడు. కడ్డీ తీగల మీద పెట్టి కుడిచేత్తో మీటాడు. జర్రుమంది. ఇంకోసారి మీటాడు, అదే మోత. పక్క వాటాలో మిక్సీ అంతకన్నా వినసొంపుగా ఉంటుంది.

“చూశావుగా” అని కడ్డీ నా చేతిలో పెట్టేశాడు. “నా మీద జాలిపడి చేశావు దీన్ని.”

“అవును, జాలిపడ్డాను. తప్పా?”

“బరువు లేకపోతే దీన్ని తీగల మీద నేను అదమాలి. అదిమే సత్తువే ఉంటే ఈ గోలంతా దేనికి? బరువున్నదైతే తన బరువుతో తనే కూర్చుంటుంది. నేను జరుపుకుంటే చాలు.”

నాకు ఒళ్లు మండింది. “ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!” అని అరిచాను. “నువ్వడిగితేగా!” అని ఆయనా అరిచాడు. కోపంతోనే అన్నాలు తిన్నాం. చెయ్యి కడుక్కుంటుంటే తట్టింది, దెబ్బ తగిలాక ఆయన గిటారు గురించి అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. ఆ తిట్లు నాకు చల్లగా అనిపించాయి.

మర్నాడు ఇంకో కడ్డీ తీశాను. డ్రిల్లు జోలికి పోలేదు. పైగా ముందుదానికన్నా లావు రాడ్డు తీసుకున్నాను. వేళ్లు జారకుండా రెండు పక్కలా పొడుగునా గాడి పెట్టాను. తూకం చూద్దామని అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి కిందికి దిగింది. భయమేసింది. వద్దు, ఇంక తగ్గించనని గట్టిగా అనుకుని ఎమరీ పేపరు తీసుకుని మెరుగు పెట్టాను.

శనివారం ఆయన దాన్ని పట్టుకోగానే జారి దబ్బున నేలమీద పడింది. టైలు అంచు లేచిపోయింది. కింద వాటాలోంచి ఇంటి ఓనరమ్మ కేకేసింది. “ఏందమ్మా, సిలిండర్ పడ్డదా?”

తీసిద్దామని వంగబోయి ఆగాను. ఆగడం ఎంత కష్టమో నాకే తెలుసు. ఆయన వంగి, ఎడమచేత్తోనే దాన్ని గాడి దొరికేదాకా తడిమి, పైకెత్తి తీగల మీద పెట్టాడు. పెట్టాక చెయ్యి వదులు చేశాడు. కడ్డీ కదలకుండా కూర్చుంది. కుడిచేత్తో ఒక్క తీగ మీటి, కడ్డీని మెల్లగా పైకి జరిపాడు. జర్రుమనలేదు. ఒక్క స్వరం సాగుతూ సాగుతూ పైకి వెళ్లి నిలబడింది. ఆయన నావైపు చూడలేదు. మళ్లీ మీటాడు. నేను వంటింట్లోకి వెళ్లి, ఎందుకెళ్లానో తెలియక, నీళ్లు తాగి వచ్చాను.

ఆదివారం ఆయన ఒంట్లో బాగాలేదని చెప్పి చర్చికి రాలేదు. నేనొక్కదాన్నే వెళ్లాను. ఆరాధన అయ్యాక టీచరమ్మ గిటారు సంచీతో నా వెంటే ఇంటికొచ్చింది. తలుపు తోసేసరికి ఆయన మంచం అంచున గిటారు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. మేం వచ్చింది చూసుకోలేదు. పాట తప్పుతోంది, ఆగుతోంది, మళ్లీ మొదటికొస్తోంది. ఆ తప్పుల్లో ఏ పాటో మా ఇద్దరికీ తెలిసిపోతోంది. టీచరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“వందనాలు అన్నయ్యగారూ” అంది చివరికి. “మరి గిటారు...”

“వచ్చే ఆదివారం నేనే తెస్తానమ్మా. ముందు వరసలో ఒక స్టూలు వేయించండి, ఇది కూర్చుని వాయించాలి.”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇంత ఏడిపించినందుకు కోపమూ వచ్చింది. రెండూ దిగమింగుకుని, ఆవిడకి టీ పెడదామని వంటింటివైపు తిరిగాను. వెనకనుంచి ఆయన పిలిచాడు. చూస్తే కడ్డీని ఎడమచేత్తో ఎత్తి చూపిస్తున్నాడు. బరువుకి మణికట్టు కిందికి వాలుతోంది, అయినా దించలేదు.

“రేపు ఇంకొకటి చేసుకురా. ఇదీ తేలికైపోయింది.”