మామ మాన్పించిన బస్కీలు

మొన్న మా వీధి చివరి దవాఖానాలో డాక్టరమ్మ ముసలివాళ్లందరినీ కూర్చోబెట్టి, ఒళ్లు కదిలిస్తే మెదడుకూ మంచిదని చెప్పింది. నా పక్కనున్నావిడ హాయిగా కునుకు తీస్తోంది. నాకు మాత్రం మా మామ గుర్తొచ్చాడు. ఆయన బతికుండగా ఈ మాట ఎవరూ చెప్పకపోవడమే మేలైందనిపించింది.

నేను బోధన్‌కు కాపురానికి వచ్చింది డెబ్బయ్యో దశకం మొదట్లో. చెరకు బండ్లు బారులు తీరి ఫ్యాక్టరీకి పోయే రోజుల్లో వీధంతా కాగిన రసం వాసన. మామకు తండ్రి, మాకందరికీ తాత అయిన పెద్దాయన, డెబ్బై దాటినా తెల్లవారేసరికి తాలీంలో ఉండేవాడు. తాలీం అంటే కుస్తీ నేర్పే మట్టి గది. పిల్లలతో దండీలు, బస్కీలు తీయించి, వాళ్లతో పాటు తానూ తీసి, ఒంటినిండా ఎర్రమట్టితో ఇంటికొచ్చి జొన్నరొట్టె తినేవాడు. ఊళ్లో ఎవరి ఎద్దు ఏ సంతలో కొన్నదో కూడా తడుముకోకుండా చెప్పేవాడు. ఒకరోజు అక్కడే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మామ హడలిపోయాడు. చెయ్యి బాగయ్యాక కూడా తాలీంకు పోనివ్వలేదు. "ఇగ నువ్వు కాలు కింద పెట్టొద్దు బాపూ. అన్నీ మేం జూస్కుంటం" అన్నాడు. మంచం దగ్గరికే నీళ్లు, మంచం దగ్గరికే అన్నం. తాత మొదట తిట్టాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత పెట్టింది తిని పడుకునేవాడు. పాపం, సుఖానికి అలవాటుపడ్డాడని మేమంతా అనుకున్నాం.

ఏడాది తిరిగేసరికి అన్నం తిని కూడా తినలేదనడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం మామ పాలగ్లాసు అందిస్తే మర్యాదగా పుచ్చుకొని, "నువ్వెవరి కొడుకువు బిడ్డా?" అని అడిగాడు.

"నీ కొడుకునే బాపూ" అన్నాడు మామ.

తాత నమ్మనట్టు చూశాడు. మామ గోడకు ఆనుకొని కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు వంటింట్లోంచి అత్త అంది: "నడిచే మనిషిని మంచానికి కట్టేసినం. ఇప్పుడు ఏడిస్తె ఏమొస్తది? లేపుండ్రి, బయటికి తీస్కపోండ్రి."

మర్నాటి నుంచి మామ ఆయన చెయ్యి పట్టుకొని కాలువగట్టు మీద నడిపించాడు. కాళ్లు కుదురుకున్నాక తాలీంకు తీసుకెళ్లాడు. కిటికీ ఊచ పట్టుకొని తాత మెల్లగా బస్కీలు తీస్తుంటే, బానపొట్ట మామ పక్కనే తానూ దిగేవాడు. పైకి లేపడానికి ఎవరో ఒకరు లాగాల్సి వచ్చేది. కొన్ని నెలలకు ఒక పొద్దున తాత అది చూసి పకపకా నవ్వాడు. "నా కొడుకువయ్యుండి బస్కీ గిట్లనా తీసేది?" అన్నాడు. అంత బరువు మనిషి మామ ఆ మట్టిలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడట.

పోయిందంతా తిరిగి రాలేదు. చనిపోయిన భార్య పేరు తాతకు మళ్లీ నోటికి అందనే లేదు. అది వయసుతో వచ్చేదే, నీ తప్పేమీ లేదని వైద్యుడు ఎంత చెప్పినా మామ ఒప్పుకోలేదు. "పానమసొంటి బాపుని గట్ల జేసిన. గదే నన్ను తింటున్నది" అనేవాడు. తాత పోయాక ఆ ఇంట్లో ఎన్నో పెళ్లిళ్లు, పురుళ్లు, చావులు జరిగాయి. ఏది ఏ ఏడు జరిగిందో ఇప్పుడు నాకే సరిగా తెలియదు. తాతను కూర్చోబెట్టిన ఆ ఒక్క ఏడాది మాత్రం మామకు చివరిదాకా గడవనే లేదు.