బంగారయ్య తాత గొట్టం దించిన రోజు

మా తాత పేరు బంగారయ్య. ఆయన దగ్గర ఉన్న లోహమల్లా ఒక ఇత్తడి గొట్టం. నీళ్ళ పైపు చివర బిగించి మంట మీదికి గురిపెట్టే గొట్టం అది. మలేషియాలో మంటలార్పేవాళ్ళని బొంబా అంటారు. మా ఎస్టేట్ బొంబా దళంలో దాన్ని పట్టినవాడే పెద్ద. ప్రభుత్వ బొంబా కాదు. జీతం లేకుండా, పిలిస్తే పరుగెత్తుకొచ్చి మంటలార్పే మా ఊరివాళ్ళ దళం. కువాలా సెలంగోర్ పట్నం నుంచి ప్రభుత్వం పెద్ద బండి వచ్చేలోపు చేయగలిగింది వీళ్ళే చేస్తారు.

దళం పుట్టింది మా ముత్తాత కాలంలో. అప్పుడిక్కడ పామాయిల్ లేదు, అంతా రబ్బరు. రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగది ఒకరోజు అంటుకుంది. కూలీల లైను ఇళ్ళ ఆడా మగా రబ్బరు పాలు మోసే బకెట్లతోనే నీళ్ళు అందించుకుని, ఇళ్ళ దాకా రాకుండా ఆపారు. ఆ తరువాత ఎస్టేట్ మేనేజరు ఒక పంపూ, ఈ గొట్టమూ కొనిచ్చాడు. ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. సభ పెట్టి, శాలువా కప్పి, గొట్టాన్ని కూలీల మేస్త్రీ అయిన కంగాణీ బావమరిది చేతికిచ్చాడు. తరువాతి మంటలో నీళ్ళ జోరుకి ఆ పెద్దమనిషి జడిసి గొట్టం వదిలేసి పారిపోయాడు. అది పాములా ఎగిరెగిరి మేనేజరు కారు అద్దం పగలగొట్టింది.

అప్పటినుంచి మావాళ్ళకు ఒకటే కట్టుబాటు. గొట్టం సభలో చేతులు మారదు. నిజం మంట ముందు, నీళ్ళు పారుతుండగా, ఒక చేతినుంచి ఇంకో చేతికి వెళ్ళాలి. తాతకి వాళ్ళ నాన్న అలాగే ఇచ్చాడు.

ఇప్పుడు ఆ కట్టుబాటే తాత మెడకు చుట్టుకుంది. ఆయనకి డెబ్బై దాటాయి. మోకాలు వంగదు. దానికంటే ఘోరం, కుడిచెయ్యి వణుకుతుంది. జోరు మీదున్న గొట్టం చేయి జారితే పట్టినవాడి దవడో, పక్కవాడి దవడో పోతుంది. దించేయమని క్లినిక్ డాక్టరమ్మ చెప్పింది, మా నాన్న చెప్పాడు. తాత ఒకటే మాట:

"మంట రానీండ్రా. మంట నేకండా ఎలాగిస్తాను?"

మంటేమో రెండేళ్ళుగా రాలేదు. ఊరంతా దేవుడికి దండం పెట్టుకుంది. మా మామ్మ కూర్మమ్మ మాత్రం గుళ్ళో వేరే మొక్కు మొక్కేది.

"తండ్రీ రామయ్యా, ఒక సిన్న మంట ఇయ్యి. ఇల్లొద్దు, మడుసులొద్దు. కోళ్ళు కూడా ఒద్దు. మిగతాది నీ ఇష్టం."

"మామ్మా, దేవుడికి ఆర్డరిస్తన్నావేటి? పార్సిలు కట్టించమను లా," అన్నాను నేను, ఇక్కడి మలయ్ తోకమాట తగిలించి.

"నోర్ముయ్యే గుంటా! మీ తాత దవడ పగిలితే గంజి నువ్వు తాగిస్తావేటి?"

ఈమధ్య దళానికి అరవై ఏళ్ళు నిండాయని మా ఇంటి పక్కనున్న హాల్లో పండగ చేశారు. పంపుకి పసుపు రాసి బొట్లు పెట్టి బంతిపూల దండ వేశారు. గొట్టాన్ని తాత చింతపండుతో తోమి, తళతళలాడించి, వేదిక మీద బల్లపై పెట్టాడు. వంట మాత్రం మామ్మదే. పరమాన్నం గ్యాసు మీద వండితే రుచి రాదని మా ఇంటి వెనక కట్టెల పొయ్యి పెట్టించింది. వండటం అయ్యాక బూడిద ఎత్తి కంచె దగ్గర పోసింది. అక్కడే ఎండిన పామాయిల్ మట్టల గుట్ట ఉంది.

హాలుకి ముందు వైపు గోడ లేదు. వేదిక మీద కూర్చున్నవాళ్ళకు మా పెరడు కనిపిస్తుంది. కింద కూర్చున్న దళం మొత్తం పెరటికి వీపు పెట్టుకుని ఉంది. పొగ వాసన అందరికీ వచ్చింది. పరమాన్నం వాసనలో భాగమే అనుకున్నారు. కమిటీ తరఫున తినగరన్ మామ కాగితంలోంచి తలెత్తకుండా మైకులో అందుకున్నాడు:

"మన దళం కన్ను కప్పి ఈ ఊళ్ళో ఒక నిప్పురవ్వ కూడా..."

"తినగరా, మైకు దించు," అన్నాడు తాత. "మా ఇంటెనక అంటుకుంది."

బల్లమీద గొట్టం లాక్కుని, మెడలో వేసిన సన్మానపు బంతిపూల దండతోనే కుంటుకుంటూ పరుగెత్తాడు. వెనకాల మా సుగంధి అత్త. అత్త తాత కూతురే. క్లాంగ్ పట్నంలో ఫ్యాక్టరీ పని, ఇక్కడ దళంలో పైపు పట్టే రెండో మనిషి. ఎన్నో ఏళ్ళుగా తాత వీపు తప్ప ఇంకేమీ చూడని మనిషి. పంపు మొదలవగానే దాని మీది బంతిపూలు గాల్లోకి లేచాయి. మట్టల మంట అప్పటికే కంచె దాటి కట్టెల షెడ్డు వైపు పాకుతోంది. షెడ్డులో పండగ కోసం తెచ్చిన గ్యాసు సిలిండర్లు ఉన్నాయి.

నీళ్ళు వచ్చాయి. తాత చెయ్యి వణికింది. మొదటి ధార దండెం మీది చీరలకు, రెండోది నాకు, మూడోది కమిటీ పెద్దలకు తగిలింది. మంటకి మాత్రం ఒక్క చుక్క పడలేదు. నేను నవ్వబోయి తాత మొహం చూసి ఆగిపోయాను. ఆ మొహం ఎప్పుడూ చూడలేదు. తాతకి భయం వేసింది.

"సుగంధీ, ముందుకి రా."

"అయ్యా?"

"రాయే! ఇప్పుడే ఇయ్యాల."

"నువ్వొదుల్తావా?"

"నువ్వు పట్టుకో, నానొదుల్తాను."

అత్త పట్టుకుంది. రెండు క్షణాలు ఆ గొట్టం మీద నాలుగు చేతులున్నాయి. తరువాత రెండే ఉన్నాయి. ధార తిన్నగా వెళ్ళి షెడ్డు ముందున్న మట్టల మీద పడింది. అత్త మోకాళ్ళు కాస్త వంచి, గుండెకి ఆనించి పట్టి, ఎడమనుంచి కుడికి కోసుకుంటూ వచ్చింది. షెడ్డు మిగిలింది. సిలిండర్లు మిగిలాయి. కోళ్ళు చెట్టెక్కి తిట్టుకున్నాయి. కంచె పోయింది.

తాత అరుగు మీద కూలబడ్డాడు. వణికే చేతిని ఒళ్ళో పెట్టుకుని దానికేసి చూశాడు.

"ఎవుడి మొకం పగలగొడతానో అని రెండేళ్ళ బట్టీ కంటిమీద కునుకు నేదే," అన్నాడు నాతో. తరువాత ఎంత గాలి పీల్చి వదిలాడంటే, చొక్కా బొత్తాలు ఊడిపోతాయేమో అనుకున్నాను.

దళంలో ఇంకో పద్ధతి ఉంది. మంట ఆరాక, ఎవరివల్ల అంటుకుందో పెద్ద విచారించి నలుగురిలో చీవాట్లు పెట్టాలి. తడిసి ముద్దయిన సుగంధి అత్త బూడిద కుప్పని కాలితో కెలికి, అరుగు దగ్గరికి వచ్చింది. మామ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"అయ్యా," అంది అత్త గొంతు తగ్గించి, "అమ్మని నువ్వడగరాదూ?"

"నానా? నాను పెద్దనా ఏటి? నువ్వు కదమ్మా పెద్దవి," అన్నాడు తాత. మోకాలు చాపుకుని, దండలోంచి తడిసిన బంతిపువ్వొకటి తెంపి వాసన చూస్తూ, తమాషా చూడటానికి హాయిగా వెనక్కి వాలాడు.